టిక్కులు తప్పిన రోజు: ఆచారం మీద కాకుండా క్రీస్తు మీద ఆనుకోవడం ఎలా

ఇరవై ఒక్క రోజుల ఉపవాస ప్రార్థన మొదలుపెట్టి, క్యాలెండర్‌లో రోజుకో టిక్కు పెట్టుకుంటూ వచ్చాను. పద్నాలుగో రోజు అమ్మని ఆసుపత్రిలో చేర్చాం. మధ్యాహ్నం ఆవిడ నా మొహం చూసి, సెలైన్ ఎక్కుతున్న చేత్తోనే గిన్నె నా వైపు జరిపి, "రెండు ముద్దలు తిను, కళ్ళు పీక్కుపోయాయి" అంది. తిన్నాను. ఆ రాత్రి మంచం పక్కన మోకరించబోయి ఆగిపోయాను. ఉపవాసం పాడైంది, ఇంక ఏ మొహం పెట్టుకుని అడగను? అమ్మ కోసం ప్రార్థించాల్సిన రాత్రి నోరు పెగల్లేదు. ఇన్నేళ్ళూ నా ధైర్యమంతా ఆ టిక్కుల్లోనే ఉందని అప్పుడు తెలిసింది.

మీకూ అలాంటి రాత్రి ఎదురైతే, ఆ తర్వాత నేను ఏమేం చేశానో చెబుతాను.

ముందు ఒక కాగితం తీసుకుని మీరు పాటించేవన్నీ రాయండి. తెల్లవారుజాము ప్రార్థన, ఉపవాసం, దశమభాగం (సంపాదనలో పదోవంతు దేవుడికివ్వడం), రోజుకిన్ని బైబిలు అధ్యాయాలు, ఆదివారం ఆరాధన, ఏదైనా సరే. ఒక్కోదాని పక్కన ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది తప్పిపోతే రేపు దేవుణ్ణి ధైర్యంగా అడగగలనా? తప్పినందుకు బాధ కలిగితే కంగారు పడకండి. ఇష్టమైనవాళ్ళని కలవలేకపోతే మనకి వెలితిగా ఉండదూ, అలాంటిదే అది. భయం వేస్తే మాత్రం అక్కడ గీత గీయండి. ఎదుటివాళ్ళు అది చెయ్యట్లేదని మనసులో చిన్నచూపు ఉన్నా గీయండి. నా కాగితం మీద ఉపవాసం పక్కన భయం, దశమభాగం పక్కన చిన్నచూపు బయటపడ్డాయి. రెండోది రాయడానికి చాలాసేపు పెన్ను ఆడలేదు.

తర్వాత బైబిల్లో గలతీ పత్రిక, అంటే గలతీయలోని సంఘాలకి అపొస్తలుడు పౌలు రాసిన ఉత్తరం, ఒక్క కూర్చోవడంలో చదవండి. ఆరు అధ్యాయాలు, 149 వచనాలే. ఉత్తరం చదివినట్టు పైకి చదవండి. రెండో అధ్యాయంలో అంతియొకయ అనే ఊళ్ళో జరిగిన సంగతి దగ్గర ఆగండి. యేసు శిష్యుడు పేతురు అక్కడ అన్యజనులతో, అంటే సున్నతి లేని యూదేతరులతో, కలిసి భోంచేస్తూ ఉన్నాడు. యెరూషలేము నుంచి యాకోబు పంపినవాళ్ళు రాగానే, వాళ్ళకి భయపడి వెనక్కి తగ్గాడు. పౌలు అందరి ముందూ నిలదీశాడు. పేతురు నోటితో క్రీస్తును కాదన్నాడా? లేదు. బల్ల దగ్గర నుంచి పక్కకి జరిగాడంతే. ఆ కాస్త జరగడంలోనే సువార్త వంకరపోయిందని పౌలుకి అర్థమైంది. ఎవరి పక్కన కూర్చోవడానికి మీకు మనసు రాదో ఇక్కడ ఆలోచించండి.

ఇప్పుడు ఆదికాండం 15, 16, 17 అధ్యాయాలు వరసగా చదువుతూ అబ్రాహాము వయసు రాసుకోండి. 15:6లో నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది. 16 చివర ఇష్మాయేలు పుట్టినప్పుడు 86 ఏళ్ళు. 17లో సున్నతి పొందినప్పుడు 99. అంటే ఒంటి మీద గుర్తు పడటానికి కనీసం పదమూడేళ్ళ ముందే దేవుడు అతన్ని నీతిమంతుడిగా ఎంచాడు. రోమీయులకి రాసిన ఉత్తరం నాలుగో అధ్యాయంలో (రోమా 4) పౌలు వాదన అంతా ఈ వరస మీదే నిలబడింది. ఆ లెక్క నా చేత్తో వేసుకున్నాక నాకు టెన్షన్ సగం దిగింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. నేను వెంటనే ఉపవాసాలన్నీ మానేసి, మానేశానని గర్వంగా చెప్పుకున్నాను. అదీ తప్పే. గలతీ 5:6 సున్నతి లేకపోవడానికి కూడా ఏ విలువా ఇవ్వదు, "ప్రేమవలన కార్యసాధకమగు విశ్వాసమే" అంటుంది. పుదీనాలో పదోవంతు లెక్కగా ఇచ్చి న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేసినవాళ్ళతో యేసు, న్యాయం, కనికరం చెయ్యండి, ఆ పదోవంతూ మానకండి అన్నాడు. అందుకని ఉపవాసం ఉండండి, క్యాలెండర్ మాత్రం తీసేయండి. ఎవరికీ చెప్పకండి. ఆ పూట మీరు తినని అన్నం ఆకలితో ఉన్నవాళ్ళకి చేర్చండి. యెషయా 58లో దేవుడు కోరిన ఉపవాసం అదే.

పక్కవాళ్ళు ఒక దినాన్ని ప్రత్యేకంగా పాటిస్తుంటే వాళ్ళని కదిలించకండి. ఎవరి మనసులో వాళ్ళు నిశ్చయించుకోవాలి, తీర్పు తీర్చకండి అనే రోమా 14 చదివితే చాలు.

ఇక తప్పిపోయిన రోజు మర్నాడు. రెండింతలు చేసి బాకీ తీర్చాలని చూడకండి. లూకా 18లో యేసు చెప్పిన కథలో ఇద్దరు ప్రార్థించడానికి గుడికి వెళ్ళారు. పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదుడు, వారానికి రెండు ఉపవాసాలు లెక్క చెప్పాడు. మోషే ధర్మశాస్త్రం ఉపవాసానికి విధించింది ఏడాదికి ఒక్క ప్రాయశ్చిత్త దినమే. రెండోవాడు సుంకరి, అంటే జనం పాపిగా చూసే పన్నులు వసూలు చేసేవాడు. అతని దగ్గర చూపించడానికి ఏమీ లేదు, నీతిమంతుడిగా ఇంటికి వెళ్ళింది అతనే. అతను అన్న మాటతోనే మొదలుపెట్టండి: "దేవా, పాపినైన నన్ను కరుణించుము." తర్వాత మీకేం కావాలో అడగండి. ఆసుపత్రిలో రెండో రాత్రి నేను అలాగే అడిగాను, అమ్మ చెయ్యి పట్టుకుని, కడుపు నిండా తిని.