డీవీడీ రాసే సాఫ్ట్‌వేర్‌కి క్రాక్ వెతుకుతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

పోయిన వారం తెలిసినాయన ఒకరు ఫోన్ చేశారు. పిల్లల ఫొటోలన్నీ డీవీడీల్లోకి ఎక్కిద్దామని కూర్చున్నారట. డబ్బు పెట్టి కొనే బర్నింగ్ (డిస్కు రాసే) సాఫ్ట్‌వేర్‌కి క్రాక్, అంటే డబ్బు కట్టకుండా వాడుకునేలా చేసే దొంగ ఫైలు, ఎక్కడో దొరికింది. జిప్ విప్పితే అందులో ఓ టెక్స్ట్ ఫైలు: "ముందు యాంటీవైరస్ ఆపండి." ఆపారు. కాసేపటికి ఫొటోల పేర్ల చివర ఏవో పిచ్చి అక్షరాలు, ప్రతి ఫోల్డర్‌లో డబ్బు అడిగే చీటీ. భద్రం చేద్దామనుకున్నవే పోయాయి.

ఇలా మునిగినవాళ్లని ఇంతకుముందూ చూశాను. అందరూ చేసింది ఇదే. యాంటీవైరస్ ఆపమన్న ఇన్‌స్టాలర్‌ని అక్కడికక్కడే డిలీట్ చేయండి.

కొనాల్సిన అవసరముందా?

ఇంటి పనులకి దాదాపు లేదు. విండోస్ 7 నుంచే ఐఎస్ఓ ఫైలుని (మొత్తం డిస్కుని ఒకే ఫైలుగా మార్చిన నకలు) డిస్కు మీదికి రాసే సదుపాయం విండోస్‌లోనే ఉంది. మామూలు ఫైళ్లకి ఎక్స్‌ప్లోరర్ చాలు. మ్యాక్‌లో ఫైండర్, లినక్స్‌లో బ్రసేరో, కే3బీ. విండోస్‌లో ఇంకాస్త పట్టు కావాలంటే ఇమ్‌గ్‌బర్న్, సీడీబర్నర్‌ఎక్స్‌పీ ఉచితం. మెనూలతో వీడియో డీవీడీ కావాలన్నా డీవీడీస్టైలర్ ఉంది. ఊరికే వచ్చేదానికి క్రాక్ ఎందుకండీ!

ఉచితంలోనూ ఉచ్చులు

ఇమ్‌గ్‌బర్న్ 2.5.8.0 వచ్చింది 2013లో, ఆ తర్వాత కొత్తది రాలేదు. "ఈ ఏడాది కొత్త వెర్షన్" అని ఎవరైనా ఊరిస్తే అది నకిలీ. అసలు ఇన్‌స్టాలర్‌లోనూ ఒకప్పుడు యాడ్‌వేర్ (ప్రకటనలు చూపే అదనపు ప్రోగ్రామ్) అంటగట్టారు, కాబట్టి నెక్స్ట్ నెక్స్ట్ అని కొట్టుకుంటూ పోకండి, ప్రతి టిక్కూ చదవండి. డౌన్‌లోడ్ పేజీలో అన్నిటికంటే పెద్దగా మెరిసే బటన్ చాలాసార్లు ప్రకటనే.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరసలో:

- యాంటీవైరస్ ఆపొద్దు. "రెండు నిమిషాలే" అన్నా సరే.
- కొంటే, ఒకసారి కడితే సరిపోతుందా, ఏటా కార్డు నుంచి కోసుకుంటారా చూసుకోండి.
- వెరిఫై ఆప్షన్ (రాసినదాన్ని అసలు ఫైళ్లతో పోల్చి చూసేది) లేని సాఫ్ట్‌వేర్ వద్దు. రాయడం పూర్తయిందన్నంత మాత్రాన డిస్కు చదవడానికి వస్తుందని కాదు.
- 4.7 జీబీ డిస్కు విండోస్‌లో 4.37 జీబీగానే కనిపిస్తుంది. లెక్కించే తీరు వేరు, అంతే. అంచుదాకా నింపకండి.
- టీవీ ప్లేయర్‌లో ఆడాలంటే విండోస్ అడిగినప్పుడు "యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్ లాగా" అన్నది ఎంచుకోవద్దు.
- వెరిఫై కాకుండా అసలు ఫైళ్లు తుడిచేయొద్దు.
- కీజెన్ (దొంగ సీరియల్ నంబర్లు పుట్టించే ప్రోగ్రామ్) ముట్టుకోవద్దు.
- మళ్లీ చెప్తున్నా, యాంటీవైరస్ ఆపొద్దు.
- ఇప్పటికే ఆపి క్రాక్ నడిపేశారా? నెట్ పీకేయండి. బయటి హార్డ్‌డిస్క్ ఉంటే తీసేయండి. మిగిలిన ఫొటోలు కాపాడదామని పెన్‌డ్రైవ్ పెట్టారో, అదీ లాక్ అవుతుంది. పాస్‌వర్డ్‌లు ఆ కంప్యూటర్‌లో కాదు, వేరేదాంట్లో మార్చండి.