వర్చువల్ మెషీన్‌లో చోటు చాలట్లేదా? ఇంకో డిస్క్ తగిలించండి

అమీర్‌పేటలో సర్వర్ కోర్సు చేస్తూ ఇంట్లో వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని, అంటే వర్చువల్ మెషీన్‌ని, నడిపే సాఫ్ట్‌వేర్) ప్రాక్టీస్ చేసేవాళ్లందరిదీ ఒకటే గోల: సీ డ్రైవ్ నిండి ఎర్రబడుతుంది. చాలామంది మెషీన్ తీసేసి మళ్లీ మొదటినుంచి విండోస్ ఎక్కిస్తారు. అంత పని అక్కర్లేదు.

మెషీన్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేసి, వర్చువల్‌బాక్స్‌లో దాని సెట్టింగ్స్‌కి వెళ్లి స్టోరేజ్ తెరవండి. సాటా కంట్రోలర్ దగ్గర హార్డ్ డిస్క్ గుర్తు నొక్కి, 20 జీబీ వీడీఐ (వర్చువల్‌బాక్స్ డిస్క్ ఫైల్) ఒకటి క్రియేట్ చేసి చేర్చండి. సైజు ఫిక్స్‌డ్ వద్దు, డైనమిక్ చాలు.

ఆన్ చేశాక డిస్క్ ఎక్కడా కనపడదు. టెన్షన్ వద్దు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్‌కి వెళ్లండి. ఇనిషియలైజ్ (డిస్క్‌ని వాడకానికి సిద్ధం) చేయమని అదే అడిగితే జీపీటీ అనే పార్టిషన్ పద్ధతి ఎంచుకోండి. అడగకపోతే, కింద ఎడమవైపు ‘డిస్క్ 1’ అని ఉన్న బూడిదరంగు గడి మీదే రైట్ క్లిక్ చేయాలి. పక్కనున్న నల్లపట్టీ మీద చేస్తే ఆ ఆప్షన్ రాదు, అందరూ తికమకపడేది ఇక్కడే. ఆఫ్‌లైన్ అని ఉంటే ముందు ఆన్‌లైన్ నొక్కి, తర్వాత ఇనిషియలైజ్ చేయండి. ఇప్పుడు నల్లపట్టీ మీద రైట్ క్లిక్, న్యూ సింపుల్ వాల్యూమ్, ఫైల్ సిస్టమ్‌గా ఎన్‌టీఎఫ్ఎస్. మిగతాదంతా నెక్స్ట్, నెక్స్ట్.

ఒక్క జాగ్రత్త: డైనమిక్ డిస్క్ డేటా పడేకొద్దీ మీ ల్యాప్‌టాప్‌లోని చోటునే తింటుంది. అక్కడ 10 జీబీయే మిగిలుంటే ఈ 20 జీబీ కాగితం మీదే. ల్యాప్‌టాప్‌లో చోటు నిండగానే వర్చువల్ మెషీన్ మధ్యలో పాజ్ అయిపోతుంది.