బడ్జెట్ బండితో ఆఫ్‌రోడ్ – 4వ పాఠం: వెనక కమాన్ కట్ట ఎక్కడ పట్టేస్తోంది?

గత పాఠంలో టైర్లలో గాలి ఎంత తగ్గించాలో చూశాం. అది సరిగ్గా చేసినా, కోలార్ జిల్లా శ్రీనివాసపురం మామిడితోటల వెనక బండల దారిలో వెనక చక్రం ఒకటి గాల్లోకి లేచి ఊరికే తిరుగుతోందంటే ఇక కమాన్ల (లీఫ్ స్ప్రింగులు, అంటే ఒకదానిమీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల కట్టలు) సంగతి చూడాల్సిందే. మన బండ్లలో ఎక్కువగా ఉండేది ఓపెన్ డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచే గేర్ల పెట్టె). ఒక చక్రం గాల్లో తిరుగుతున్నంతసేపు నేలమీదున్న రెండో చక్రానికి దాదాపు ఏ బలమూ అందదు. రెండు చక్రాలనీ కలిపి తిప్పే లాకర్ వేసుకోవడం ఒక దారి, కానీ అది జేబు బరువున్నవాళ్లకి. అసలు చక్రం నేల వదలకుండా చూసుకోవడం మన దారి.

ఈ పాఠం వెనక కమాన్ కట్టలున్న బండ్లకి: మారుతి జిప్సీ, 2010లో వచ్చిన పాత థార్, బొలెరో. జిప్సీకి ముందూ వెనకా కమాన్లే, పాత థార్ సి.ఆర్.డి.ఇ. రకానికి వెనక మాత్రమే. 2020లో వచ్చిన కొత్త థార్, జిమ్నీ వెనకా ముందూ కాయిల్ స్ప్రింగ్ బండ్లు. వాటివాళ్లు కొలత భాగం వరకు చదివితే చాలు.

బండి వంగడం లేదనగానే అందరూ కమాన్ గట్టిగా ఉందనే అనుకుంటారు. చాలా పాత బండ్లలో కమాన్‌కి వంగే శక్తి ఉంటుంది, కానీ వేరే ఏదో దాన్ని ఆపేస్తుంటుంది. తుప్పు పట్టిన పట్టీలు, బిగుసుకుపోయిన బుష్ (కమాన్ కొనల్లో బోల్టు చుట్టూ ఉండే తొడుగు), నొక్కుకుపోయిన క్లిప్, పొట్టి షాక్ అబ్జార్బర్... వీటిలో ఏది ముందుగా ఆపుతుందో బండి అక్కడితో ఆగుతుంది. షాక్ ఆపుతున్న బండికి కొత్త కమాన్ వేస్తే డబ్బు పోతుంది, చక్రం మాత్రం పాత చోటే ఆగుతుంది. కాబట్టి రెంచ్ పట్టుకునే ముందు టేపు పట్టుకోండి.

ముందు కొలత

ఆఫ్‌రోడ్‌వాళ్లు ఆర్.టి.ఐ. (ర్యాంప్ ట్రావెల్ ఇండెక్స్) అని ఒక లెక్క వాడతారు. 20 డిగ్రీల ర్యాంప్ మీదికి ఒక చక్రాన్ని ఎక్కిస్తూ పోతారు. ఇంకో చక్రం నేల వదలబోయే క్షణంలో ఆపి, ర్యాంప్ మీద ఎక్కిన దూరాన్ని వీల్‌బేస్‌తో (ముందు, వెనక చక్రాల మధ్య దూరంతో) భాగించి 1000తో గుణిస్తారు. బెంగళూరులో అలాంటి ర్యాంప్ వెతుక్కుంటూ తిరగక్కర్లేదు. మట్టిదిబ్బ అయినా, పేర్చిన పాత టైర్లయినా చాలు. చక్రం ఎంత ఎత్తుకి లేచిందో కొలిచి 0.342తో భాగిస్తే ర్యాంప్ మీద ఎక్కిన దూరం వస్తుంది. జిప్సీ వీల్‌బేస్ 2375 మి.మీ. చక్రం 400 మి.మీ. ఎత్తుకి లేచాక రెండోది నేల వదిలితే దూరం 1170 మి.మీ., స్కోరు సుమారు 492. అదే ఎత్తు పాత థార్‌కైతే, దాని వీల్‌బేస్ 2430 కాబట్టి, 481.

ఈ అంకె ముందు, వెనక కలిపి చెబుతుంది. మనకి వెనక యాక్సిల్ సంగతి విడిగా కావాలి. అందుకే బండి అలా వంగి ఉన్నప్పుడే వెనక రెండు వైపులా మడ్‌గార్డ్ అంచు నుంచి చక్రం మధ్య వరకు కొలవండి. నొక్కుకున్న వైపు తక్కువ వస్తుంది, వేలాడిన వైపు ఎక్కువ. రెండింటి తేడాయే మీ వెనక వంపు. చదునైన నేలమీద నిలబెట్టినప్పటి కొలత కూడా రాసుకుంటే, ఆగిపోతున్నది పైకి వెళ్లే చక్రమో కిందికి జారే చక్రమో తెలిసిపోతుంది. చాలావరకు కిందికి జారేదే.

కొలిచేటప్పుడు స్టీరింగ్ దగ్గర ఒకరు ఉండాలి, మిగతా చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. బండి కింద తల పెట్టి చూడాలనిపిస్తుంది, పెట్టకండి. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి కర్రకి కట్టి లోపలికి పంపండి. షాక్ పూర్తిగా సాగి బిగుసుకుందా, బ్రేక్ హోస్ తీగలా లాగబడిందా, షాకిల్ (కమాన్ వెనక కొనని చాసిస్‌కి కలిపే ఊగే లింక్) ఎటు వాలింది, బంప్ స్టాప్ (యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) తగిలిందా అన్నవి వీడియోలో తీరిగ్గా చూసుకోవచ్చు.

పట్టీ మందం లెక్క

ఇది కాస్త చదువు వ్యవహారం, కానీ దీన్ని వదిలేస్తే షాపులో ఎవరేం చెప్పినా తలూపాల్సి వస్తుంది. కమాన్ గట్టిదనం పట్టీల సంఖ్యని బట్టి, పట్టీ వెడల్పుని బట్టి మామూలుగా పెరుగుతుంది. మందాన్ని బట్టి మాత్రం ఘనంలో, అంటే మందాన్ని మూడుసార్లు వేసి గుణించినట్టు (8×8×8లా) పెరుగుతుంది. పొడవు పెరిగితే అదే ఘనం లెక్కలో తగ్గుతుంది.

8 మి.మీ. పట్టీ ఒకటి తీసుకోండి. ఎనిమిది ఘనం 512. ఆరు మి.మీ. పట్టీకి ఆరు ఘనం 216. అంటే రెండు మి.మీ. పలచనైతే గట్టిదనం సగం కన్నా తగ్గిపోయింది. నాలుగు 8 మి.మీ. పట్టీల కట్ట 2048, తొమ్మిది 6 మి.మీ. పట్టీల కట్ట 1944. మోసే బరువు ఇంచుమించు సమానం. కానీ అంతే దూరం వంగినప్పుడు పలచని పట్టీ మీద పడే ఒత్తిడి నాలుగోవంతు తక్కువ. అందుకే అది విరగకుండా, సాగిపోకుండా ఇంకా ఎక్కువ వంగగలదు. ఎక్కువ పట్టీలు, పలచని పట్టీలు అని ఆఫ్‌రోడ్ కమాన్ల గురించి వినే మాట వెనక లెక్క ఇదే.

పొడవు సంగతి ఇంకా ఆశ పెట్టేది. పది శాతం పొడవు పెరిగితే కమాన్ నాలుగోవంతు మెత్తబడుతుంది. మన జిప్సీకి తోబుట్టువైన సుజుకి సమురాయ్‌కి అమెరికాలో జీప్ రాంగ్లర్ వై.జె. కమాన్లు వేసుకునేది ఇందుకే. ఇక్కడ ఆ పని నేను చెప్పను. చాసిస్ మీద బ్రాకెట్లు కోసి వెల్డింగ్ చేయాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, దానిమీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, రెండూ కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చడానికి ఒప్పుకోవు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ వచ్చినప్పుడు ఆ వెల్డింగే ముందు కనిపిస్తుంది. ఈ పాఠంలో చెప్పేవన్నీ ఉన్న కమాన్‌ని ఉన్నచోటే బాగుచేసే పనులు.

విప్పడం, తుడవడం, మళ్లీ పేర్చడం

ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పని ఇదే. బెంగళూరు వానకి, ఎర్రదుమ్ముకి పట్టీల మధ్య తుప్పు పేరుకుంటుంది. ప్రతి పట్టీ కొన పైపట్టీలో చిన్న గాడి తొలుస్తుంది. బండి వంగాలంటే పట్టీలు ఒకదానిమీద ఒకటి జారాలి. గాడిలో ఇరుక్కున్న కొన జారదు, ఎగిరి పడుతుంది. రోడ్డుమీద చిన్న గుంతకే వెనక సీటు కొట్టడానికి సగం కారణం ఇది. దానికి షాక్‌లని తిట్టి లాభం లేదు.

చాసిస్‌ని గట్టి స్టాండ్ల మీద నిలపండి, యాక్సిల్ కింద ట్రాలీ జాక్ పెట్టండి. కట్టని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు తీసి కట్టని దించాక సెంటర్ బోల్ట్ మీద చెయ్యి వేసే ముందు, దానికి రెండు పక్కలా సీ క్లాంపులు బిగించండి. పట్టీలు వేర్వేరు వంపులతో చేసినవి, వాటిని కలిపి నొక్కి పట్టింది ఆ బోల్టే. క్లాంప్ లేకుండా దాన్ని కోస్తే కట్ట చిమ్ముకొచ్చి చేతులు పోతాయి. బోల్ట్ తీశాక క్లాంపులని ఒక్కో మర చొప్పున, రెండూ సమానంగా వదులు చేయండి. విప్పే ముందు పట్టీల పక్కన సున్నంతో అడ్డంగా గీత గీస్తే, ఏది ముందువైపో మళ్లీ పేర్చేటప్పుడు గుర్తుపట్టొచ్చు.

వైర్ బ్రష్‌తో మెరుపొచ్చేదాకా రుద్దండి. గాడులు పైపైన ఉంటే గ్రైండర్ ఫ్లాప్ డిస్క్‌తో అంచులు మృదువు చేయండి. గాడి లోతుగా ఉన్నా, వెంట్రుకంత పగులు కనిపించినా ఆ పట్టీ మార్చాల్సిందే. కొనల పై అంచుని గుండ్రంగా అరగదీయండి. పట్టీకి ఎక్కడా వెల్డింగ్ తగలనివ్వకండి, గ్యాస్‌తో వేడి చేసి వంచనివ్వకండి. ఉక్కుకి ఇచ్చిన పదును పోతుంది.

పట్టీల మధ్య ఏం వేయాలన్నది ఎడతెగని వాదన. గ్రాఫైట్ గ్రీజు చవక, కానీ మన దుమ్ములో అది కొన్నాళ్లకే సానరాయిలా మారుతుంది. కొనల దగ్గర నైలాన్ ప్యాడో టెఫ్లాన్ లైనరో వేసి, మిగతాచోట పొడి గ్రాఫైట్ పూయడమే నాకు నచ్చిన పద్ధతి. పట్టీలు ఎక్కువైతే రాపిడి కూడా ఎక్కువే కాబట్టి, పలచని పట్టీల కట్టకి లైనర్ తప్పనిసరి అనుకోండి.

క్లిప్పులు పట్టీలు పక్కకి విచ్చుకోకుండా ఆపుతాయి. సుత్తితో గట్టిగా వంచేసిన క్లిప్పులు మాత్రం చక్రం వేలాడేటప్పుడు కింది పట్టీలని మెయిన్ పట్టీకి (అన్నిటికన్నా పైన, రెండు కొనల్లో కన్నులున్న పొడవు పట్టీకి) కట్టేస్తాయి. అప్పుడు కట్ట మొత్తం ఒకే దిమ్మలా ప్రవర్తిస్తుంది. వెనక సగంలో ఉన్న క్లిప్‌ని బోల్ట్ రకంతో మార్చి, కాస్త ఎత్తుగా, పట్టీలు విడివడేంత ఖాళీతో పెట్టండి. ముందు సగం క్లిప్ గట్టిగానే ఉంచుతాను, గట్టి బ్రేక్ వేసినప్పుడు మెయిన్ పట్టీ ఒక్కటే మోయకుండా. క్లిప్పులు పూర్తిగా పీకేసి తిరిగేవాళ్లున్నారు. వాళ్ల బండి వెనకాల నేను వెళ్లను.

బెంగళూరు కలాసిపాళ్యం వైపు స్ప్రింగ్ షాపులకి వచ్చేవి ఎక్కువగా లోడు బండ్లు. మీరు నోరు తెరవగానే వచ్చే మాట ఒకటే:

“సార్, ఇంకో పట్టీ ఎక్కిద్దాం. వెనక లేస్తుంది, లోడుకీ భయం ఉండదు.”

“వద్దన్నా. లేవకపోయినా పర్లేదు, వంగాలి.”

వాళ్లు ఆశ్చర్యంగా చూస్తారు. పర్వాలేదు, చెప్పింది చేసిపెడతారు. పట్టీ తీసేయాలనుకుంటే కిందున్న పొట్టి, మందపు పట్టీల్లోంచే తీయించండి. రెండో పట్టీని ఎప్పుడూ తీయకండి. చాలా కట్టల్లో దాని కొన మెయిన్ పట్టీ కన్ను కిందికి వచ్చి ఉంటుంది, మెయిన్ విరిగితే యాక్సిల్‌ని పట్టుకునేది అదే. మరీ ఎక్కువ తీస్తే ఎత్తు ఎక్కుతూ ఫస్ట్ గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కమాన్ ఎస్ ఆకారంలో మెలిపడి వెనక చక్రాలు గంతులేస్తాయి. కుటుంబంతో, సామానుతో కోలార్ వెళ్లొచ్చే బండికి పట్టీ తీయడం నేను సలహా ఇవ్వను. తుడిచి లైనర్ వేస్తే చాలు.

బుష్‌లు, షాకిల్

రబ్బరు బుష్‌లున్న కమాన్ బోల్టులు చక్రం గాల్లో వేలాడుతుండగా బిగించడం వర్క్‌షాపుల్లో రోజూ జరిగే పని. బండి దించగానే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది, అటు వంగడానికీ అడ్డు, తొందరగా చిరగడానికీ కారణం. బోల్టులు ముందు వదులుగా పెట్టి, బండిని చక్రాల మీద నిలిపి, రెండుసార్లు ఊపి, అప్పుడు బిగించమని పక్కన నిలబడి అడగండి.

పొడవైన షాకిల్ వేస్తే వంపు (ఫ్లెక్స్) వస్తుందన్నది పూర్తి నిజం కాదు. 50 మి.మీ. పొడవు పెంచితే బండి లేచేది అందులో సగం, దాదాపు 25 మి.మీ. దాంతోపాటు డిఫరెన్షియల్ ముక్కు పైకి తిరిగి, వెనక యాక్సిల్‌కి బలం తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ కోణం మారుతుంది. చూడాల్సింది షాకిల్ వాలు. చక్రం నొక్కుకున్నప్పుడు కమాన్ చదునై పొడవు పెరుగుతుంది, షాకిల్ కింది కొన వెనక్కి జరుగుతుంది. చక్రం వేలాడినప్పుడు ముందుకి వస్తుంది. అందుకే బండి నిలబడి ఉన్నప్పుడు షాకిల్ కాస్త వెనక్కి వాలి, రెండు వైపులా జరగడానికి చోటుండాలి. ఇప్పటికే చాసిస్‌కి ఆనుకునేంత వెనక్కి ఉంటే కట్ట అలసి చదునైపోయినట్టు. నిలువుగానో ముందుకో ఉంటే వంపు మరీ ఎక్కువున్న కట్ట వేశారన్నమాట, గుంతలో కమాన్ జరగక చాసిస్‌ని కొడుతుంది.

షాక్‌లు, హోస్

కట్ట వదులయ్యాక ఆపేది ఇక షాక్ అబ్జార్బరే. కింది కొన విప్పి బండిని మళ్లీ అదే దిబ్బమీద నెమ్మదిగా వంచి, రెండు మౌంట్‌ల మధ్య దూరం కొలవండి: వేలాడిన వైపు ఒకటి, నొక్కుకున్న వైపు ఒకటి. కొత్త షాక్ పూర్తిగా సాగినప్పుడు మొదటి కొలత కన్నా ఓ 25 మి.మీ. ఎక్కువుండాలి. పూర్తిగా ముడుచుకున్నప్పుడు రెండోదాని కన్నా అంతే తక్కువుండాలి. ఈ రెండు అంకెలు, మౌంట్ రకం కాగితం మీద రాసుకుని విడిభాగాల షాపులుండే జె.సి. రోడ్‌కి వెళ్లండి. ఏ బండి షాక్ అయినా ఈ కొలతలకి సరిపోతే చాలు, పేరు చూసి కొనక్కర్లేదు. శివాజీనగర్ గుజరీలో (పాత సామాన్ల బజారులో) షాకిల్ ప్లేట్లు, బ్రాకెట్లు వెతుక్కోండి గానీ వాడిన షాక్ మాత్రం వద్దు.

షాక్ లేకుండా వంచినప్పుడు బ్రేక్ హోస్ మీద ఒక కన్ను ఉంచండి. ఇంతకుముందు పొట్టి షాకే దాన్ని కాపాడుతూ వచ్చింది. హోస్ బిగుసుకుంటుంటే అక్కడే ఆపండి, పొడవైన హోస్ వేశాకే ముందుకి. హ్యాండ్‌బ్రేక్ కేబుల్, ప్రొపెల్లర్ షాఫ్ట్ జారే జాయింట్ కూడా చూడండి. బంప్ స్టాప్ కోయకండి, అది లేకపోతే కమాన్ వెనక్కి వంగి విరుగుతుంది.

ఈ వారం పని

విప్పకముందు కొలతలు, తుడిచి బిగించాక కొలతలు, షాక్ విప్పి కొలతలు, మూడు వరుసల్లో రాయండి. రెండో వరుసకీ మూడో వరుసకీ తేడా పెద్దగా ఉంటే మీ డబ్బు షాక్‌లకి వెళ్లాలి. తేడా లేకపోతే షాక్‌లు అలాగే ఉంచేయండి. యూ బోల్టులు పాతవి మళ్లీ వాడకండి, కొత్తవి మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి బిగించి, మొదటి రైడ్ అయ్యాక ఇంటికొచ్చే ముందే ఒకసారి రెంచ్ వేసి చూడండి. 5వ పాఠం జిప్సీ ముందు కమాన్ల మీద. అక్కడ స్టీరింగ్ డ్రాగ్ లింక్ (స్టీరింగ్ కదలికని చక్రాలకి చేర్చే కడ్డీ) కూడా కలుస్తుంది కాబట్టి ఇదే వరుస యథాతథంగా పనిచేయదు.