జుట్టుపోలిగాణ్ని మళ్లీ తెర ఎక్కించాలంటే
ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు తోలుబొమ్మలాట అభిమానుల్లో తెగని వాదన ఒకటే: పాత హాస్యం ఉంచాలా, మార్చాలా? ఈ ఆటలో నవ్వించే జంట జుట్టుపోలిగాడు, బంగారక్క. వాళ్లు కీచులాడుకునే తీరు ఉంచండి, మాటలు మార్చండి. సంత బేరాలు, ఒడియా కలిసిన మన తెలుగు చాలు. బూతు తీసేయండి. రామాయణం మాత్రం తీయొద్దు. సీతమ్మ దుఃఖం తర్వాత వస్తేనే పోలిగాడికి నవ్వు పండుతుంది.

ముందు బొమ్మ సంగతి. మేకతోలు వంకర తిరిగితే రెండు చెక్కల మధ్య బరువు పెట్టి కొన్ని రోజులు ఉంచండి. ఎండలో పెడితే ముడుచుకుంటుంది, తడిపితే రంగు కారుతుంది. పోలిగాడి ప్రాణమంతా చేతి కీళ్లలోనే ఉంది. రంధ్రంలో దారం దూర్చి రెండు వైపులా ముడి వేయండి. ఎత్తి వదిలితే చెయ్యి తనంతట తానే జారాలి. ముడి బిగిస్తే కొయ్యబారిపోతుంది, మరీ వదులైతే మెలిపడి కర్రకు చిక్కుకుంటుంది.

తెరకు పల్చటి తెల్ల పంచె, బిగించి కట్టాలి. బొమ్మ తెరకు ఆనాలి. జానెడు వెనక్కి జరిగినా రంగు మసకబారుతుంది.

బొమ్మ ఆడించేవారి కాలి కింద చెక్కపలక మరవొద్దు. బంగారక్క చెంపదెబ్బ, పలక చప్పుడు ఒకేసారి పడాలి. ఆ ఒక్క దెబ్బనే ముందు వందసార్లు సాధన చేయండి.