మోరీ నీళ్లు వెనక్కి తంతే ఇక ఆగొద్దు

కర్నూలులో తుంగభద్ర, హంద్రీ ఒడ్డున ఉండేవాళ్లకు ఒక మాట. 2009 అక్టోబర్ వరదప్పుడు మా వీధిలో అందరం "ఇంత దూరం రాదులే" అనుకున్నవాళ్లమే. పైన సుంకేసుల బ్యారేజీ గేట్లు ఎత్తారని తెలిస్తే నది చూడ్డానికి పోకండి, బాత్‌రూమ్ తూము చూడండి. నీళ్లు పోకుండా బుడబుడమంటూ పైకి తంతున్నాయా, వెలుతురు ఉండగానే బయల్దేరండి. కరెంటు మెయిన్ ఆపి, గ్యాస్ సిలిండర్ వాల్వు కట్టేసి, ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, బీపీ మాత్రలు పాలిథిన్ కవర్లో చుట్టుకోండి. బీరువా సర్దడం మొదలుపెడితే అయిపోయినట్టే! అప్పటికే చీకటిపడి, వీధిలో నీళ్లు గుంజుతుంటే మాత్రం దిగొద్దు. తాగునీళ్లు, టార్చి తీసుకుని గట్టి మిద్దె ఎక్కి 112కి ఫోన్ చేయండి.