మార్కెటింగ్ ఉద్యోగులకు కోడింగ్: ఎందుకు నేర్చుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో మార్కెటింగ్ విభాగానికి నాలుగడుగుల దూరంలోనే కోడ్ రాసేవారు కూర్చుంటారు. అయినా, పోయిన నెల ప్రకటన చూసి వచ్చినవారిలో ఎంతమంది మళ్లీ కొన్నారు అనే చిన్న ప్రశ్నకు కూడా మార్కెటింగ్ ఉద్యోగి డేటా టీముకు మెయిల్ పెట్టి, తన వంతు వచ్చేదాకా ఎదురుచూడవలసి వస్తోంది. జవాబు వచ్చేసరికి క్యాంపెయిన్ ముగిసిపోతుంది, బడ్జెట్ ఖర్చయిపోతుంది. తన ప్రశ్నను తానే అడిగి, వచ్చిన అంకె సరైనదో కాదో తానే సరిచూసుకోగలగడం కోసమే మార్కెటింగ్ ఉద్యోగి కోడింగ్ నేర్చుకోవాలి. అందుకు డెవలపర్ స్థాయి నైపుణ్యం అక్కర్లేదు.

చాలామంది పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతోనో, వెబ్‌సైట్ తయారీతోనో మొదలుపెడతారు. నా సలహా మాత్రం ఎస్‌క్యూఎల్‌తో మొదలుపెట్టమనే. 1970ల తొలినాళ్లలో ఐబీఎంలో రూపుదిద్దుకున్న ఈ భాష నేటికీ కంపెనీల డేటాబేస్‌లను ప్రశ్నించడానికి ప్రధాన సాధనంగా ఉంది. కావలసిన గడులను ఎంచే సెలెక్ట్, షరతు పెట్టే వేర్, వర్గాలుగా విడగొట్టే గ్రూప్ బై అనే మూడు ఆదేశాలను వారం పది రోజుల్లో పట్టుకోవచ్చు. ఎక్కువ సమయం పెట్టవలసింది రెండు టేబుళ్లను కలిపే జాయిన్ మీద, ఎందుకంటే మార్కెటింగ్ లెక్కలు తప్పేది తరచుగా అక్కడే.

కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్‌లలో శాఖలున్న ఒక బట్టల దుకాణం ఆషాఢం తగ్గింపు ధరల గురించి పాత కస్టమర్లకు ఎస్ఎంఎస్ పంపిందనుకోండి. సందేశం అందుకున్నవారు ఒక టేబుల్‌లో, బిల్లులు మరో టేబుల్‌లో ఉంటాయి. ఫోన్ నంబరు ఆధారంగా రెండింటినీ మామూలు జాయిన్‌తో కలిపితే రెండు చోట్లా ఉన్నవారే మిగులుతారు. సందేశం అందినా దుకాణానికి రానివారందరూ జాబితా నుంచి మాయమవుతారు కనుక, క్యాంపెయిన్ అందరి చేతా కొనిపించినట్టు కనిపిస్తుంది. లెఫ్ట్ జాయిన్ వాడితే సందేశం అందుకున్న ప్రతి ఒక్కరూ జాబితాలో నిలుస్తారు, కొననివారి ఎదుట బిల్లు గడి ఖాళీగా ఉంటుంది. అప్పుడు కూడా మూడు బిల్లులున్న మనిషి మూడు వరుసల్లో వస్తాడు కాబట్టి, వరుసలను కాకుండా విడివిడి ఫోన్ నంబర్లను లెక్కపెట్టాలి. కలపకముందు ఎన్ని వరుసలున్నాయో, కలిపాక ఎన్ని ఉన్నాయో ప్రతిసారీ రాసి పెట్టుకోవడం అలవాటు చేసుకోండి. ఇంకొక మాట: ఆషాఢంలో సందేశం లేకున్నా కొనేవారు కొందరు ఉండనే ఉంటారు. అందుచేత జాబితాలో పది శాతం మందిని యాదృచ్ఛికంగా ఎంచి, వారికి సందేశం పంపకుండా ఆపి, ఆ రెండు వర్గాల కొనుగోళ్లనూ పోల్చినప్పుడే ఎస్ఎంఎస్ వల్ల అదనంగా ఏం వచ్చిందో తెలుస్తుంది. ఆ పది శాతాన్ని ఎంపిక చేసే పనికి ఒక్క చిన్న క్వెరీ, అంటే డేటాబేస్‌కు ఎస్‌క్యూఎల్‌లో రాసే ప్రశ్న, చాలు.

సాధనకు సొంత కంపెనీ డేటా దొరకకపోయినా ఇబ్బంది లేదు. గూగుల్ వారి ఆన్‌లైన్ డేటాబేస్ సేవ బిగ్‌క్వెరీకి ఉచిత రూపమైన శాండ్‌బాక్స్‌లో క్రెడిట్ కార్డు ఇవ్వకుండానే నెలకు 1 టెరాబైట్ వరకు డేటాను ప్రశ్నించవచ్చు. గూగుల్ సొంత వస్తువుల దుకాణానికి చెందిన అనలిటిక్స్ (సైటుకు వచ్చినవారి వివరాల) నమూనా డేటా కూడా అందులో ఉంది. దానిని తెరిచిన రోజునే రెండు విషయాలు గమనించండి. మొదటిది, ఘటనల సమయం యూటీసీ అనే అంతర్జాతీయ ప్రామాణిక కాలమానంలో నమోదవుతుంది. మన సమయం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది కాబట్టి, మీ సైట్ డేటాలోని ఆ సమయాన్ని మార్చకుండా రోజులవారీగా విడగొడితే అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము అయిదున్నర వరకు హైదరాబాద్‌లో వచ్చిన ఆర్డర్లు ముందురోజు ఖాతాలో పడతాయి. రెండవది, సందర్శకుడు ఏ ప్రకటన నుంచి వచ్చాడో తెలియడానికి లింకులకు తగిలించే యూటీఎం ట్యాగుల్లో ఇంగ్లీషు పెద్ద అక్షరానికి, చిన్న అక్షరానికి తేడా ఉంటుంది. ఒకరు ఫేస్‌బుక్ పేరును పెద్ద అక్షరంతోనూ, మరొకరు చిన్న అక్షరంతోనూ మొదలుపెడితే అనలిటిక్స్ దానిని రెండు వేర్వేరు వనరులుగా చూపిస్తుంది.

ఎస్‌క్యూఎల్ చేతికి అలవాటయ్యాక పైథాన్‌లోకి రండి. బ్రౌజరులోనే నడిచే గూగుల్ కొలాబ్ ఉచితం, కంప్యూటరులో ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. మొదటి పనిగా లీడ్ల (కొనే ఆసక్తి చూపి వివరాలు ఇచ్చినవారి) జాబితాను శుభ్రం చేయండి. ఒకే నంబరు ఒక చోట 91తో, ఒక చోట సున్నాతో, మరో చోట ఖాళీలతో ఉంటుంది. ఎక్సెల్ మొదటి సున్నాను తీసేస్తుంది, 12 అంకెల నంబరును 9.19877E+11 వంటి ఘాతాంక రూపంలో చూపిస్తుంది. అంకెలు తప్ప మిగతావన్నీ తొలగించి, చివరి పది అంకెలను మాత్రమే ఉంచి, పునరావృతాలను తీసేసే కోడ్ పట్టుమని పది వరుసలు ఉండదు. ఒకసారి రాసుకుంటే వచ్చే నెల జాబితాకు కూడా అదే పనికొస్తుంది.

తెలుగులో ఎస్ఎంఎస్ పంపేవారికి పైథాన్ వల్ల మరో లాభం ఉంది. ఇంగ్లీషు సందేశం ఒక్కటి 160 అక్షరాల వరకు పడుతుంది, తెలుగు అయితే యూనికోడ్ వల్ల 70 మాత్రమే. పైగా అక్కడ లెక్కలోకి వచ్చేది కంటికి కనిపించే అక్షరం కాదు. గుణింతం, పొల్లు, ఒత్తు విడివిడిగా లెక్కకు వస్తాయి. ‘బతుకమ్మ శుభాకాంక్షలు’ అనే రెండు పదాల్లో మనకు తొమ్మిది అక్షరాలు కనిపిస్తాయి. పైథాన్‌లో పొడవును లెక్కించే లెన్ ఫంక్షన్‌ను అడిగితే మధ్యలోని ఖాళీతో కలిపి 20 అని చెబుతుంది. మొత్తం సందేశం 71కి చేరితే అది రెండు ఎస్ఎంఎస్‌లుగా విడిపోతుంది, లక్ష మందికి పంపినప్పుడు బిల్లు రెండు లక్షల సందేశాలకు పడుతుంది. కస్టమర్ పేరు, శాఖ పేరు మారే చోట్ల అతి పొడవైన పేరుతో కూడా ముందే కొలిచి చూసి, ఆ తరువాతనే టెంప్లేట్‌ను (సందేశం నమూనాను) వాణిజ్య ఎస్ఎంఎస్‌లను నమోదు చేసే డీఎల్‌టీ వేదికకు పంపండి, ఎందుకంటే ఆమోదం పొందాక అందులో ఒక పదం మార్చాలన్నా మళ్లీ ఆమోదానికి పంపవలసి వస్తుంది.

వెబ్ పేజీలను రాసే హెచ్‌టీఎంఎల్ విషయంలో ల్యాండింగ్ పేజీలో (ప్రకటన నొక్కగానే తెరుచుకునే పేజీలో) శీర్షికను, లింకును, ఫారాన్ని గుర్తుపట్టి చిన్న మార్పు చేయగలిగితే సరిపోతుంది.

కృత్రిమ మేధ సాధనాలే కోడ్ రాసిపెడుతున్నప్పుడు ఈ శ్రమ దేనికని అడిగేవారున్నారు. వాటిని తప్పక వాడండి. కానీ, పైన చెప్పిన ఆషాఢం లెక్కకు ఆ సాధనం మామూలు జాయిన్ రాసి ఇచ్చినా క్వెరీ ఎక్కడా ఆగదు, అంకె కూడా చక్కగానే వస్తుంది. అది తప్పు అంకె అని పట్టుకోగలిగేది జాయిన్ అర్థమైనవారే. మరొక జాగ్రత్త తప్పనిసరి: కస్టమర్ల పేర్లను, ఫోన్ నంబర్లను అటువంటి బయటి సాధనాల్లో అతికించకండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ సమాచారాన్ని కాపాడే బాధ్యతను దానిని సేకరించిన సంస్థ మీదే పెట్టింది. కాలమ్‌ల పేర్లు, కల్పిత వరుసలు రెండు మూడు ఇస్తే ఆ సాధనానికి చాలు.

ఒంటరిగా సాధన సాగనివారికి అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ శిక్షణ సంస్థలకు కొదవ లేదు. ఫీజు కట్టే ముందు డెమో క్లాసులో కూర్చుని మూడు విషయాలు అడగండి: జాయిన్‌లను ఎన్ని తరగతుల్లో చెబుతారు, అభ్యాసానికి ఉద్యోగుల జీతాల పాత టేబులే ఇస్తారా లేక ఆర్డర్లు, క్యాంపెయిన్ల డేటా కూడా ఇస్తారా, మీరు రాసిన క్వెరీని ఎవరైనా చదివి తప్పులు చెబుతారా. మూడో ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పని చోట చేరకండి.