శాండ్‌విచ్ యాత్ర – 4వ పాఠం: కౌంటర్ దగ్గర రెండు మాటలు

ముందు కిందటి పాఠం లెక్క సరిచూసుకోండి. న్యూయార్క్‌లో బోర్డు మీద 12 డాలర్లు అని ఉన్న శాండ్‌విచ్‌కి ఎంత కట్టాలి అని అడిగాను. అక్కడ అమ్మకం పన్ను 8.875 శాతం, అంటే ఒక డాలరు ఏడు సెంట్లు. మొత్తం 13.07. పన్నెండు అని రాసినవాళ్లు మన ఎమ్మార్పీ అలవాటులోనే ఉన్నారు. మన ఎమ్మార్పీలో పన్ను కలిసే ఉంటుంది, అక్కడ విడిగా పడుతుంది.

ఈసారి నేర్చుకోవాల్సింది లైన్లో మన వంతు వచ్చాక నోరు విప్పడం. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లే ఇక్కడ ఎక్కువ తడబడతారు. నా సంగతే చెబుతాను. ఫిలడెల్ఫియాలో మొదటిసారి ఒక కొట్టు కిటికీ ముందు నిలబడి "హలో, గుడ్ ఈవినింగ్, కెన్ ఐ ప్లీజ్ హావ్..." అని మొదలుపెట్టాను. లోపలి మనిషి నా మాట పూర్తి కాకముందే నా భుజం మీదుగా వెనకాల నిలబడ్డవాడిని చూసి "నెక్స్ట్" అన్నాడు. ఆ రోజు కోపం వచ్చింది కానీ తప్పు నాదే. మన టిఫిన్ సెంటర్లో రద్దీ వేళ "అయ్యా, దయచేసి నాకొక పెసరట్టు ఇప్పించగలరా" అని ఎవరంటారు? "ఒక ఉప్మా పెసరట్టు, ఉల్లి వద్దు" అంటాం. అంతే. ప్రతి ఊరి కౌంటర్‌కీ అలాంటి రెండు మూడు మాటలుంటాయి, అవి పట్టుకుంటే చాలు.

ఇంకో మాట. ఈ పాఠంలో వచ్చేవాటిలో సగం బీఫ్. తిననివాళ్లు పాఠం వదిలెయ్యక్కర్లేదు, ఎక్కడికక్కడ వేరే దారి చెబుతాను.

ఫిలడెల్ఫియాతోనే మొదలుపెడదాం. సౌత్ ఫిలడెల్ఫియాలో తొమ్మిదో వీధి, పాస్యంక్ అవెన్యూ కలిసే చోట రెండు చీజ్‌స్టీక్ కొట్లు ఎదురెదురుగా ఉంటాయి. చీజ్‌స్టీక్ అంటే పల్చటి బీఫ్ ముక్కలు వేయించి, చీజ్ వేసి పొడుగాటి రొట్టెలో పెట్టేది. పాట్స్ 1930 నాటిది, జీనోస్ 1966లో వచ్చింది. హాట్‌డాగ్‌లు అమ్ముకునే పాట్ ఒలివియేరి రోజూ అవే తిని విసుగెత్తి, ఒకరోజు మాంసం ముక్కల్ని ఉల్లిపాయలతో వేయించి రొట్టెలో పెట్టుకున్నాడనీ, ఆ వాసనకి ఒక టాక్సీ డ్రైవర్ ఆగి తనకీ ఒకటి చేసిపెట్టమన్నాడనీ చెబుతారు. చీజ్ ఆ తర్వాత ఎప్పుడో వచ్చి చేరింది.

ఆర్డర్ వరస ఇది: ఎన్ని, ఏ చీజ్, ఉల్లి కావాలా వద్దా. "ఒన్ విజ్ విట్." అంటే ఒకటి, చీజ్ విజ్ వేసి, ఉల్లితో. విజ్ అంటే నారింజ రంగులో జారుగా ఉండే చీజ్. అది నచ్చకపోతే అమెరికన్ అనో ప్రోవలోన్ అనో అనండి. నా ఓటు ప్రోవలోన్‌కే, విజ్ ఉప్పు నాకు పడదు. మనం "విత్" అని ఒత్తి పలుకుతాం, అక్కడ "విట్" అని తేల్చేస్తారు. ఉల్లి వద్దనుకుంటే "విటౌట్". స్టీక్ అనే మాట వాడనే అక్కర్లేదు, ఆ కిటికీకి వచ్చేదే దానికోసం. మెనూలో లేని చీజ్ మాత్రం అడగొద్దు. 2003లో అధ్యక్ష ఎన్నికల ప్రచారానికి వెళ్లిన జాన్ కెర్రీ పాట్స్ దగ్గర స్విస్ చీజ్ అడిగాడు. పత్రికలు ఆ ముచ్చటని చాలాకాలం వదల్లేదు.

లైన్లో ఉండగానే నోట్లు చేతిలోకి తీసుకోండి. ఫ్రైస్, కూల్‌డ్రింక్ కావాలంటే పక్క కిటికీకి వెళ్లాలి, స్టీక్ కిటికీ దగ్గర అడిగితే మళ్లీ "నెక్స్ట్" వినాల్సి వస్తుంది. బీఫ్ వద్దనుకునేవాళ్లకి ఆ ఊళ్లో చాలాచోట్ల చికెన్ చీజ్‌స్టీక్ దొరుకుతుంది. పెనం మాత్రం ఒకటే కావచ్చు, పట్టింపు ఉంటే ముందే అడగండి.

షికాగోలో మాటలు మారతాయి. అక్కడ ఇటాలియన్ బీఫ్. పల్చగా కోసిన మాంసం దాని రసంలోనే నానుతూ ఉంటుంది. డ్రై అంటే ఆ రసం వదిలించి పెడతారు. వెట్ అంటే పైన కొంచెం పోస్తారు. డిప్డ్ అంటే శాండ్‌విచ్ మొత్తాన్ని పట్టకారుతో రసంలో ముంచి తీస్తారు. సాంబారులో మునిగిన ఇడ్లీ ఇష్టపడేవాళ్లకి డిప్డ్ గురించి వేరే చెప్పాలా? తర్వాత స్వీటా, హాటా అని అడుగుతారు. ఇక్కడ మనవాళ్లు బోల్తా పడతారు. స్వీట్ అంటే తీపి కాదు, మగ్గించిన క్యాప్సికమ్. హాట్ అంటే జార్డినేరా: పచ్చిమిర్చి, సెలరీ, క్యారట్, గోబీ ముక్కల్ని నూనెలో వేసిన ఊరగాయ లాంటిది. మనకి హాటే.

తినడానికీ ఒక పద్ధతుంది. టేలర్ స్ట్రీట్‌లో 1938 నాటి ఆల్స్‌లో నిలబడి తినేవాళ్లని గమనించండి. రెండు మోచేతులూ కౌంటర్ మీద ఆనించి, కాళ్లు రెండడుగులు వెనక్కి పెట్టి, ముందుకి వంగుతారు. రసం కారినా కింద పరిచిన కాగితం మీద పడుతుంది తప్ప చొక్కా మీద పడదు. ఇది తెలియక నేను డిప్డ్ పొట్లం తీసుకెళ్లి అద్దె కారులో కూర్చుని విప్పాను. ఆ సీటు తుడవడానికి పట్టిన సేపట్లో ఇంకో రెండు తిని ఉండొచ్చు.

బీఫ్ తిననివాళ్లు పెప్పర్ అండ్ ఎగ్ అడగండి. క్యాప్సికమ్ వేసిన గుడ్డు పొరటు రొట్టెలో పెట్టినట్టుంటుంది. ఈస్టర్ ముందు వచ్చే లెంట్ రోజుల్లో, శుక్రవారాలు మాంసం ముట్టని క్యాథలిక్కుల వల్ల ఇది బీఫ్ కొట్లలో అలవాటైంది. అన్నట్టు, అదే ఊళ్లో హాట్‌డాగ్ మీద కెచప్ అడిగితే పెద్దవాళ్లు మిమ్మల్ని జాలిగా చూస్తారు.

న్యూయార్క్ హౌస్టన్ స్ట్రీట్‌లో 1888 నాటి కాట్జెస్‌కి వెళితే మాటల కన్నా చీటీ ముఖ్యం. లోపలికి అడుగుపెట్టగానే మనిషికొకటి ఇస్తారు. మీరు తీసుకున్నవి దానిమీద రాస్తారు, బయటికొచ్చేటప్పుడు అది చూపించి డబ్బు కట్టాలి. పోగొట్టుకుంటే 50 డాలర్లు. నలుగురు వెళ్లి ఒకే చీటీ మీద రాయించుకున్నా, మిగతా మూడు ఖాళీ చీటీలూ తిరిగివ్వాలి. పిల్లల చేతికి ఇవ్వకండి. అడగాల్సింది "పస్ట్రామీ ఆన్ రై", అంటే మసాలా పట్టించి పొగబెట్టిన బీఫ్, రై పిండి రొట్టెలో. కోసే మనిషి మొదట ఒక ముక్క రుచికి పెడతాడు, ఒకటో రెండో డాలర్లు అతని కప్పులో వేయండి. శాకాహారులు మెక్‌డూగల్ స్ట్రీట్‌లో 1971 నుంచీ ఉన్న మమూన్స్‌లో శనగల వడలాంటి ఫలాఫెల్ తినొచ్చు.

న్యూ ఆర్లియన్స్‌లో ఒక్క మాటే: "డ్రెస్డ్". అంటే లెట్యూస్, టమాటా, పికిల్, మయొనీజ్ అన్నీ వేసి. 1929లో ట్రామ్ కార్మికులు సమ్మె చేసినప్పుడు, అంతకుముందు ట్రామ్‌ల మీదే పనిచేసిన మార్టిన్ సోదరులు వాళ్లకి ఊరికే శాండ్‌విచ్‌లు పెట్టారు. "అదిగో ఇంకో పూర్ బాయ్ వస్తున్నాడు" అనుకునేవాళ్లట. దాంతో పో బాయ్ అన్న పేరు నిలిచిందంటారు. మనవాళ్లకి నేను మొదట చెప్పేది ఈ ఊరే, ఎందుకంటే రొయ్యల వేపుడు పో బాయ్ ఉంది. "హాఫ్ ష్రింప్, డ్రెస్డ్" అనండి, హాఫే ఒక మనిషికి సరిపోతుంది.

అభ్యాసం. అద్దం ముందు నిలబడి ఈ మూడూ మూడేసి సెకన్లలో చెప్పండి: ఫిలడెల్ఫియాలో రెండు, ప్రోవలోన్‌తో, ఉల్లి లేకుండా; షికాగోలో ఒకటి, ముంచి, కారంగా; న్యూ ఆర్లియన్స్‌లో సగం, రొయ్యలు, అన్నీ వేసి. "ప్లీజ్" చివర్లో వస్తే పర్వాలేదు. ఐదో పాఠంలో లాస్ ఏంజెలెస్ వెళ్లి, 1908 నాటి ఫిలిప్స్‌లో గొర్రెమాంసం ఫ్రెంచ్ డిప్ (రొట్టెని మాంసం రసంలో ముంచిచ్చే శాండ్‌విచ్) సింగిలా, డబులా తేల్చుకుందాం. అక్కడి ఆవముద్ద ముక్కుకి ఎక్కుతుంది, ఇప్పుడే చెప్పి పెడుతున్నా.